లీటరు పెట్రోల్ లెక్క 159 దగ్గర మొదలవుతుంది

టీవీలో క్రూడ్ (ముడి చమురు) ధర బ్యారెల్‌కు ఇన్ని డాలర్లని చెబుతారు. బంకులో మనం కట్టేది లీటరుకు ఇన్ని రూపాయలు. ఈ రెండింటినీ కలిపే అంకె 159. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు, కచ్చితంగా చెప్పాలంటే 158.987. బ్యారెల్ ధరను ఆ రోజు డాలరు రేటుతో గుణించి 159తో భాగిస్తే, లీటరు ముడి చమురు మన దేశానికి ఎంతకు పడుతోందో తేలిపోతుంది. పెట్రోల్ ధర ఎందుకు పెరిగిందనే చర్చ ఏదైనా ముందు ఈ ఒక్క లెక్క వేసుకుని మొదలుపెట్టాలి. వేసుకోకపోతే ఎవరు ఏం చెప్పినా నమ్మాల్సి వస్తుంది.

ఒక నెల పట్టుకుని చూద్దాం. 2024 జూన్‌లో మన రిఫైనరీలు కొనే క్రూడ్ సగటు ధర బ్యారెల్‌కు 82 డాలర్ల పైన ఉంది. డాలరు 83 రూపాయల 50 పైసల దగ్గర ఉంది. 82.5ని 83.5తో గుణించి 159తో భాగిస్తే 43 రూపాయల 30 పైసలు. అదే నెల హైదరాబాద్ బంకులో పెట్రోల్ 107 రూపాయల 41 పైసలు. మధ్యలో 64 రూపాయలున్నాయి.

ఇప్పుడు బంకు ధర నుంచి వెనక్కి రావాలి. తెలంగాణలో పెట్రోల్ మీద రాష్ట్రం వేసే వ్యాట్ 35.2 శాతం. ఈ శాతం దాని కింద ఉన్న అన్నిటి మీదా, అంటే కేంద్రం సుంకం మీదా, డీలర్ కమిషన్ మీదా కూడా పడుతుంది. కాబట్టి 107.41ని 1.352తో భాగించాలి. 79.45 వస్తుంది. అంటే వ్యాట్ 27 రూపాయల 96 పైసలు. 79.45లోంచి కేంద్ర ఎక్సైజ్ అప్పట్లో 19.90 తీసేయాలి. డీలర్ కమిషన్ దాదాపు 3.77, అదీ తీసేస్తే 55 రూపాయల 78 పైసలు మిగులుతుంది. చమురు కంపెనీ తన పెట్రోల్‌కు వసూలు చేసింది ఇదే, దీన్ని మూలధర అందాం. ఇందులో క్రూడ్ 43 రూపాయల పైచిలుకు పోగా, మిగిలిన 12 రూపాయల్లో క్రూడ్‌ను పెట్రోల్‌గా మార్చిన ఖర్చు, రిఫైనరీ లాభం, ఓడ కిరాయి, బీమా, పైప్‌లైను రవాణా, కంపెనీ మార్కెటింగ్ మార్జిన్ అన్నీ ఉన్నాయి.

ధర పెరిగిందంటే ఈ అంతస్తుల్లో ఏదో ఒకటి పెరిగినట్టే. కొన్ని రోజూ కదులుతాయి, కొన్ని సంవత్సరాల తరబడి కదలవు. అన్నిటికంటే అడుగున ఉన్న క్రూడ్ నుంచి పైకి వద్దాం.

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. వార్తల్లో వినిపించే బ్రెంట్ (ఉత్తర సముద్రపు క్రూడ్) ధర మన ధర కాదు. మన రిఫైనరీలు ఎక్కువగా కొనేది గంధకం ఎక్కువున్న పుల్ల క్రూడ్. దానికి కొలబద్ద ఒమన్, దుబాయ్ ధరల సగటు. అది సుమారు మూడు వంతులు, బ్రెంట్ ఒక వంతు కలిపి లెక్కగట్టేదే ఇండియన్ బాస్కెట్. పెట్రోలియం శాఖ కింద ఉన్న పీపీఏసీ వెబ్‌సైట్‌లో ఈ అంకె దొరుకుతుంది. లెక్క దీనితో వేసుకోవాలి.

క్రూడ్ ఎందుకంత గంతులేస్తుంది? ప్రపంచం రోజుకు 10 కోట్ల బ్యారెళ్ల పైనే తాగుతుంది. అందులో 20 లక్షల బ్యారెళ్లు తగ్గితే రెండు శాతమే లోటు. కానీ ధర రెండు శాతం పెరిగి ఆగదు. మదనపల్లె మార్కెట్‌కు సరుకు కాస్త తక్కువ వచ్చిన రోజు టమాటా ధర ఏమవుతుందో మనకు తెలుసు. టమాటా లేకపోతే చింతపండు పులుసుతో పూట గడుస్తుంది. పెట్రోల్‌కు రేపు పొద్దుటికి మారు సరుకు లేదు. ఆఫీసుకు వెళ్లేవాడు వెళ్లాలి, అంబులెన్సు కదలాలి, నాట్ల సమయానికి ట్రాక్టరు చేలో దిగాలి. వాడకం తగ్గదు కాబట్టి ఆ రెండు శాతం లోటును ఎవరో ఒకరు వదులుకునేదాకా ధర ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ఒపెక్ (చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి) దేశాలు, రష్యా కలిసి రోజుకు 20 లక్షల బ్యారెళ్లు తగ్గిస్తామని 2022 అక్టోబరులో ప్రకటించినప్పుడు, 2023 జులై నుంచి సౌదీ ఒక్కటే మరో 10 లక్షలు తగ్గించినప్పుడు మార్కెట్ అంతలా ఉలిక్కిపడింది. ఇరాన్, ఒమన్ మధ్య ఉన్న హోర్ముజ్ జలసంధి విషయమూ అంతే. ప్రపంచ వాడకంలో ఐదో వంతు చమురు దాటే ఆ దారి అత్యంత ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పే. అక్కడ ఓడ ఆగకపోయినా, ఆగుతుందేమో అన్న భయానికే ఓడల యుద్ధ బీమా పెరుగుతుంది. ఆ బీమా కూడా లీటరు ధరలోకే వస్తుంది.

రెండో అంతస్తు గురించి తెలుగులో రాసేవాళ్లు చాలా తక్కువ. రిఫైనరీ వాళ్లు దాన్ని 'క్రాక్' అంటారు. క్రూడ్ ధరకూ, దాన్నుంచి వచ్చే పెట్రోల్ లేదా డీజిల్ ధరకూ అంతర్జాతీయ మార్కెట్లో ఉన్న తేడా అది. మన దగ్గర చమురు కంపెనీ పెట్రోల్ ధర కట్టేది క్రూడ్‌కు ఖర్చులు కలిపి కాదు. ఆ పెట్రోల్‌నే గల్ఫ్ నుంచి దిగుమతి చేసుకుంటే ఎంత పడుతుంది, ఎగుమతి చేస్తే ఎంత వస్తుంది అని చూసి, మొదటిదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం బరువిచ్చి రిఫైనరీ గేటు ధర, అంటే సరుకు రిఫైనరీ దాటేటప్పటి ధర కడతారు. 2006 నుంచీ ఇదే పద్ధతి. దీనివల్ల క్రూడ్ కదలకుండా కూర్చున్నా, ప్రపంచంలో రిఫైనరీలు చాలక పెట్రోల్, డీజిల్ కొరత వస్తే మన గేటు ధర పెరుగుతుంది. 2022 జూన్‌లో జరిగింది అదే. ఆ నెల సింగపూర్‌లో డీజిల్ క్రాక్ బ్యారెల్‌కు 60 డాలర్లు దాటింది. మామూలు రోజుల్లో అది 10 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. క్రూడ్ ఒక్కదాన్నే చూసి లెక్క వేసినవాళ్లకు ఆ నెల గేటు ధరలు అర్థం కాలేదు.

రష్యా క్రూడ్ చవగ్గా వచ్చినా బంకులో ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. 2022 ఫిబ్రవరికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. ఏడాది తిరిగేసరికి మూడో వంతు దాటింది, తక్కువ ధరకే వచ్చింది. కానీ గేటు ధర పెట్రోల్ అంతర్జాతీయ ధరను బట్టి కడతారు కాబట్టి, క్రూడ్ చవగ్గా దొరికినందువల్ల మిగిలినది రిఫైనరీ లాభంలోకి వెళ్తుంది. బంకు దాకా రావాలంటే కంపెనీ తనంతట తాను వదులుకోవాలి, లేదా ప్రభుత్వం వదులుకోమనాలి. 2024 మార్చి దాకా ఆ రెండూ జరగలేదు.

మూడోది రూపాయి. దీని బరువు చాలామంది పట్టించుకోరు. 2008 జులైలో క్రూడ్ 147 డాలర్లకు ఎక్కింది, చరిత్రలో అదే శిఖరం. అప్పుడు డాలరు 43 రూపాయలు. 147ని 43తో గుణించి 159తో భాగించండి: 39 రూపాయల 75 పైసలు. పైన 2024 జూన్‌కు మనం వేసిన లెక్క 43 రూపాయల 30 పైసలు. అంటే 82 డాలర్ల క్రూడ్ 2024లో మనకు, 147 డాలర్ల క్రూడ్ 2008లో పడినదానికంటే ఎక్కువే పడింది. 'అప్పుడు 147 ఉన్నప్పుడే పెట్రోల్ ఇంత లేదు' అని వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో ఈ సగం ఎప్పుడూ ఉండదు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. క్రూడ్ 65 డాలర్లకు దిగినా, ఆ రేటు దగ్గర లీటరు 36 రూపాయల 80 పైసలు.

గుర్తుపెట్టుకోవడానికి ఒక చిట్కా. డాలరు 83 దగ్గర ఉన్నప్పుడు బ్యారెల్ ఒక్క డాలరు కదిలితే లీటరుకు 52 పైసలు. రూపాయి ఒక్క రూపాయి పడిపోతే, 80 డాలర్ల క్రూడ్ మీద లీటరుకు 50 పైసలు. ఈ రెండూ పన్నుకు ముందు లెక్కలు. హైదరాబాద్ బంకుకు వచ్చేసరికి ఒక్కోదాన్ని 1.352తో గుణించాలి, అంటే 52 పైసలు 70 పైసలవుతుంది.

పన్నుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కేంద్రం పన్నూ రాష్ట్రం పన్నూ ఒకేలా పనిచేయవు. కేంద్ర ఎక్సైజ్ లీటరుకు ఇన్ని రూపాయలని స్థిరంగా ఉంటుంది. క్రూడ్ పెరిగితే అది పెరగదు, క్రూడ్ పడితే అది పడదు. వ్యాట్ శాతం లెక్క. కింద ఏది పెరిగినా దానితో పాటు పెరుగుతుంది. అసెంబ్లీలో ఒక్క నిర్ణయం తీసుకోకుండానే రాష్ట్రానికి ఆదాయం పెరుగుతుంది. అలాగే కేంద్రం సుంకం తగ్గిస్తే రాష్ట్రం పన్ను తనంతట తగ్గుతుంది. 2022 మే 22న కేంద్రం పెట్రోల్ మీద 8 రూపాయలు తగ్గించింది. హైదరాబాద్‌లో ధర 119.49 నుంచి 109.66కి దిగింది, 9 రూపాయల 83 పైసలు. 8 రూపాయలకు 35.2 శాతం కలిపితే 10 రూపాయల 80 పైసలు తగ్గాలి. మిగిలిన రూపాయి మూలధరలోనే ఆగిపోయింది. తగ్గింపు ప్రకటించిన రోజున ఈ చిన్న లెక్క వేసి చూస్తే ఎంత మన దాకా వచ్చిందో, ఎంత దారిలో నిలిచిందో తెలుస్తుంది. 2024 మార్చి 15న లోక్‌సభ ఎన్నికల ముందు హైదరాబాద్‌లో 2 రూపాయల 25 పైసలు తగ్గింది. 1.352తో భాగిస్తే కంపెనీలు నిజంగా వదులుకున్నది రూపాయి 66 పైసలు. మిగిలినది వ్యాట్ తగ్గడం వల్ల వచ్చింది.

2022 మే తర్వాత ఆ 19.90 ఎక్సైజ్‌లో మూల సుంకం 1.40, ప్రత్యేక అదనపు సుంకం 11, వ్యవసాయ సెస్సు 2.50, రోడ్ల సెస్సు 5. రాష్ట్రాలకు పంచాల్సింది మొదటి 1.40 మాత్రమే. అందులో 41 శాతం, అంటే 57 పైసలు, అదీ దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి. 'కేంద్రం వసూలు చేసినదాంట్లో సగం రాష్ట్రాలకే వస్తుంది కదా' అనే వాదన పెట్రోల్ విషయంలో నిలబడదు. రాష్ట్రాలు వ్యాట్‌ను వదలకుండా పట్టుకోవడానికి ఇదొక గట్టి కారణం. పెట్రోల్‌ను జీఎస్టీలోకి తేవాలన్న మాట 2021 సెప్టెంబరులో లక్నో జీఎస్టీ మండలి సమావేశంలో వచ్చి, ఇది సమయం కాదని అక్కడే ఆగిపోయింది.

ఆంధ్రప్రదేశ్ పద్ధతి వేరు. 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల స్థిర పన్ను, రూపాయి రోడ్డు సెస్సు. శాతం తక్కువగా కనిపించినా, క్రూడ్ ఎంత పడినా కదలని 5 రూపాయలు పైన కూర్చుని ఉంటాయి. అందుకే విజయవాడ ధర హైదరాబాద్ కంటే ఎక్కువ ఉంటుంది. బెంగళూరు వైపు వెళ్లే లారీ అనంతపురం జిల్లాలో అవసరమైనంతే కొట్టించుకుని, సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకుంటుంది. కోనసీమ, కాకినాడ వైపు యానాం బంకుల ముందు వరసకు కారణమూ పుదుచ్చేరి పన్ను తక్కువ కావడమే. నష్టం సరిహద్దులో ఉన్న మన డీలరుది, అమ్మకం పోయినంత మేర మన రాష్ట్రానిది కూడా. తెలంగాణలో పన్ను అంతటా ఒకటే అయినా ఆదిలాబాద్‌లో పెట్రోల్ హైదరాబాద్ కంటే దాదాపు 2 రూపాయలు ఎక్కువ. అది రవాణా. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు 572 కిలోమీటర్ల పైప్‌లైను ఉంది. పైపులో వచ్చే లీటరుకు పడే ఖర్చు తక్కువ. డిపో నుంచి ట్యాంకరు లారీలో ఎంత దూరం పోతే అంత ఎక్కుతుంది, ఆ ఎక్కినదాని మీద మళ్లీ 35.2 శాతం.

కాగితం మీద పెట్రోల్ ధర 2010 జూన్ నుంచి, డీజిల్ ధర 2014 అక్టోబరు నుంచి మార్కెట్‌దే. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం 6 గంటలకు మారాలి. ఆచరణలో ఏం జరిగిందో చూడండి. 2021 నవంబరు 4 నుంచి 137 రోజులు ధర కదల్లేదు. ఆ మధ్యలో ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి, ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, మార్చి మొదట్లో బ్రెంట్ 139 డాలర్లను తాకింది. ఫలితాలు వచ్చాక మార్చి 22న మొదలుపెట్టి 16 రోజుల్లో 14 సార్లు పెంచారు. లీటరుకు 10 రూపాయలు. ఆ తర్వాత మళ్లీ ఆపేశారు. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు కలిపి 21 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం వచ్చింది. ఆ తర్వాత క్రూడ్ దిగింది, బంకు ధర దిగలేదు. 2023-24లో అవే మూడు కంపెనీల లాభం దాదాపు 81 వేల కోట్లు.

ధర ఆపినప్పుడు ఊపిరి పీల్చుకోవడం సహజం. కానీ ఆపిన ధర మన పేరున రాసిన అప్పులాంటిది, క్రూడ్ దిగినప్పుడు వడ్డీతో మననుంచే వసూలవుతుంది. 2024 ఏప్రిల్‌లో 89 డాలర్లు దాటిన ఇండియన్ బాస్కెట్ సెప్టెంబరుకు 74 దగ్గరికి వచ్చింది. 15 డాలర్లు, ఒక్కోదానికి 52 పైసలు, పన్నుకు ముందే 7 రూపాయల 80 పైసలు. బంకులో పైసా మారలేదు. 2025 ఏప్రిల్‌లో క్రూడ్ ఇంకా పడినప్పుడు కేంద్రం లీటరుకు 2 రూపాయల ఎక్సైజ్ వేసింది. అది కంపెనీల మార్జిన్‌లోంచి పోయింది కాబట్టి బంకు ధర పెరగలేదు, తగ్గాల్సినదీ తగ్గలేదు.

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 2020. ఆ ఏప్రిల్‌లో ఇండియన్ బాస్కెట్ సగటు 20 డాలర్లలోపు. లీటరు ముడి చమురు 10 రూపాయల్లోపు, అంటే మంచినీళ్ల సీసాలో సగం ధర. మార్చిలో 3 రూపాయలు, మే మొదటి వారంలో 10 రూపాయలు పెట్రోల్ మీద ఎక్సైజ్ పెంచారు. మొత్తం ఎక్సైజ్ 32.98కి చేరింది. 82 రోజులు ధర కదలకుండా ఉంచి, జూన్ 7 నుంచి రోజూ పెంచుకుంటూ పోయారు. మూడు వారాల్లో ఢిల్లీలో 9 రూపాయలకు పైగా ఎక్కింది. లాక్‌డౌన్‌తో ఆటోలు నెలల తరబడి ఆగిపోయిన సమయం అది. వాటిని మళ్లీ రోడ్డెక్కించిన వాళ్లకు మొదట ఎదురైనది ఈ పెంపు. దాన్ని తేలిగ్గా తీసుకోవడం నావల్ల కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ కథ వేరుగా కనిపిస్తుంది. అక్కడ ఫెడరల్ పన్ను 1993 నుంచి గ్యాలన్‌కు 18.4 సెంట్లే, దాని మీద రాష్ట్రాల పన్ను. బ్యారెల్‌కు 42 గ్యాలన్లు కాబట్టి క్రూడ్ ఒక డాలరు కదిలితే గ్యాలన్‌కు 2.4 సెంట్లు. 2022 జూన్‌లో దేశ సగటు 5 డాలర్లు దాటింది, ఆ డిసెంబరుకు 3 డాలర్ల చిల్లరకు దిగింది. అదే క్రూడ్, అదే ప్రపంచం. హైదరాబాద్‌లో 2022 మే నుంచి 2024 మార్చి దాకా 109.66.

డీలర్ల మాట కూడా చెప్పాలి, ధర పెరిగినప్పుడల్లా తిట్లు పడేది వాళ్లకే. వాళ్ల కమిషన్ కిలోలీటరుకు ఇంత స్థిర మొత్తం, దాని మీద చిన్న శాతం. ధర పది రూపాయలు పెరిగితే వాళ్లకు పెరిగేది పైసల్లోనే. కానీ భూమిలో ట్యాంకులో ఉన్న సరుకు వాళ్లది, ముందే డబ్బు కట్టి తెచ్చుకున్నది. 2021 దీపావళి ముందు రోజు రాత్రి కేంద్రం డీజిల్ మీద 10 రూపాయల ఎక్సైజ్ తగ్గించినప్పుడు, పండగ రద్దీకని ఆ సాయంత్రం 20 వేల లీటర్లు దించుకున్న డీలరుకు తెల్లారేసరికి 2 లక్షల రూపాయలు పోయాయి, వ్యాట్ తేడా అదనం. చిన్న ఊళ్లో బంకుకు నెల కమిషన్‌లో పెద్ద ముక్క అది. తగ్గింపు పుకార్లు వచ్చిన వారాల్లో కొన్ని బంకుల్లో 'నో స్టాక్' బోర్డు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇథనాల్ గురించి ఒక్క మాట. పెట్రోల్‌లో 20 శాతం దాకా కలుపుతున్నారు. 2024-25లో కంపెనీలు కొన్న ధర ముడిసరుకును బట్టి లీటరుకు 57.97 నుంచి 71.86 దాకా. పైన మనం తేల్చిన పెట్రోల్ మూలధర 55.78. కాబట్టి కలపడం వల్ల లీటరు చవకవ్వదు. దిగుమతి తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరుగుతుంది, అవి మంచివే. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మైలేజీ 5 శాతం తగ్గిందనుకుంటే, 107.41 ధర దగ్గర కిలోమీటరు ఖర్చు 2.15 నుంచి 2.26కు పెరుగుతుంది. బోర్డు మీద ధర మారకుండానే జరిగే పెంపు ఇది. బండి ఖర్చు చూసుకునేవాళ్లు లీటరు ధర బదులు కిలోమీటరు ధర రాసుకోవాలి. ట్యాంకు ఫుల్ చేసినప్పుడల్లా మీటరు అంకె, లీటర్లు, రూపాయలు మూడూ రాస్తే నాలుగో సారికి నిజం బయటపడుతుంది.

రేపు ధర పెరుగుతుందా అని చూడాలంటే పీపీఏసీలో ఇండియన్ బాస్కెట్, రిజర్వు బ్యాంకు డాలరు రేటు తీసుకుని 159తో భాగించండి. మీ ఊరి బంకు ధరలోంచి పన్నులు, కమిషన్ తీసేసి మూలధర తేల్చండి. రెండిటి మధ్య తేడా 2024 జూన్‌లో 12 రూపాయలకు కాస్త పైన ఉంది. అది 5, 6 రూపాయలకు పడిపోతే కంపెనీ నష్టానికి అమ్ముతోందని అర్థం, ధర ఆపి ఉంచకపోతే పెంపు దగ్గర్లోనే ఉంటుంది. 18, 20కి పెరిగితే తగ్గించే చోటు ఉంది, తగ్గించడం లేదని అర్థం. డీజిల్‌కు తెలంగాణ వ్యాట్ 27 శాతం, కాబట్టి 1.27తో భాగించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌కైతే ముందు ఆ 5 రూపాయలు తీసేసి, తర్వాత 1.31తో భాగించండి. సెస్సు మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి కొన్ని పైసల తేడా వస్తుంది.